"ఇక్కడ గంజాయి లీగలే కదా అన్నా?"

ఆగస్టు వచ్చిందంటే మా ఇల్లినాయిస్‌లో యూనివర్సిటీ ఉన్న ఊళ్లన్నీ మన పిల్లలతో కళకళలాడతాయి. రూమ్ ఎక్కడ దొరుకుతుంది, సోషల్ సెక్యూరిటీ నంబరు ఎప్పుడొస్తుంది, క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ ఎలా పట్టాలి, ఇవన్నీ నలుగురిలోనే అడుగుతారు. ఒక్క ప్రశ్న మాత్రం పక్కకు పిలిచి అడుగుతారు: "అన్నా, ఇక్కడ గంజాయి లీగలే కదా, ఒకసారి ట్రై చేస్తే ఏమవుతుంది?" అడిగినవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను. మెయిన్ రోడ్డు మీద బోర్డు పెట్టి మరీ అమ్ముతుంటే సందేహం రాకుండా ఎలా ఉంటుంది? నా బెంగంతా అడగకుండా మొదలుపెట్టేవాళ్ల గురించే.

సంగతేమిటంటే, ఇల్లినాయిస్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లు గంజాయి కొనుక్కోవచ్చని 2020 జనవరి 1 నుంచి చట్టం వచ్చింది. అది రాష్ట్రం చేసుకున్న చట్టం. ఫెడరల్ ప్రభుత్వానికి 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్ అని వేరే చట్టం ఉంది. అందులో గంజాయి నియంత్రిత పదార్థాల జాబితాలోనే ఉంది. ఆ జాబితాలో షెడ్యూల్ అనే మెట్లుంటాయి, 1 అన్నిటికంటే కఠినం. మీ వీసా, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా కాగితం), ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి), రేపటి హెచ్-1బీ, ఎల్లుండి గ్రీన్‌కార్డు, ఇవన్నీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలోవి. వాళ్లు ఇల్లినాయిస్ చట్టం చూసి నిర్ణయం తీసుకోరు. "షెడ్యూల్ 1 నుంచి 3కి మార్చేస్తున్నారట కదా" అని ఈమధ్య కొందరు అంటున్నారు. ఆ ప్రక్రియ 2024లో మొదలైన మాట నిజమే. కానీ ఇమిగ్రేషన్ చట్టం చూసేది ఏ షెడ్యూల్లో ఉందని కాదు, అసలు జాబితాలో ఉందా లేదా అని. షెడ్యూల్ 3లోకి వెళ్లినా మన పరిస్థితి మారదు.

ఇక క్యాంపస్ సంగతి. రాష్ట్రంలో లీగల్ అయినా క్యాంపస్ లోపల ఎందుకు నిషేధమో చాలామందికి తెలియదు. డ్రగ్‌ఫ్రీ స్కూల్స్ అండ్ కమ్యూనిటీస్ చట్టానికి 1989లో చేసిన సవరణల ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే ప్రతి యూనివర్సిటీ విద్యార్థులకూ ఉద్యోగులకూ ఏటా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తీరాలి. సెమిస్టర్ మొదట్లో మీ యూనివర్సిటీ మెయిల్‌కి పొడుగాటి సబ్జెక్టుతో ఒకటి వస్తుంది చూడండి, అందరూ తెరవకుండానే పక్కన పడేస్తారే, అదే అది. దయచేసి ఒక్కసారి పూర్తిగా చదవండి. ఏం చేయకూడదు, చేస్తే చట్టం ఏం చేస్తుంది, యూనివర్సిటీ ఏం చేస్తుంది, ఆరోగ్యానికి ఏమవుతుంది, సాయం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అందులో ఉంటాయి. మందు కూడా ఆ నోటీసులో భాగమే. 21 నిండని రూమ్మేట్‌కి పార్టీలో బీరు అందించడం కూడా ఇక్కడ నేరమే. మాస్టర్స్‌కి వచ్చినవాళ్లు మన దగ్గర అలవాటు ప్రకారం ఈ విషయం అసలు పట్టించుకోరు, అందుకే చెబుతున్నా.

టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పని దొరికిన పిల్లలకు ఇంకో మాట. అసిస్టెంట్‌షిప్ వచ్చిన రోజు నుంచి మీరు విద్యార్థే కాదు, ఉద్యోగి కూడా. 1988 నాటి డ్రగ్‌ఫ్రీ వర్క్‌ప్లేస్ చట్టం మీకు అక్కడ తగులుతుంది. ఫెడరల్ గ్రాంటు మీద పనిచేసేవాళ్లకు పనిచేసే చోట జరిగిన డ్రగ్స్ నేరంలో శిక్ష పడితే, ఐదు రోజుల్లోపు యూనివర్సిటీకి రాతపూర్వకంగా చెప్పాలి. యూనివర్సిటీ పది రోజుల్లోపు గ్రాంటు ఇచ్చిన సంస్థకు తెలియజేయాలి, 30 రోజుల్లోపు చర్య తీసుకోవాలి. మీ ప్రొఫెసర్ ఎంత మంచాయన అయినా ఆయన చేతిలో ఏమీ ఉండదు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది పోలీసు కేసు లేకుండా జరిగే నష్టం. డార్మ్‌లో వాసన వచ్చింది, ఆర్ఏ రిపోర్టు రాశాడు (ఈ ఆర్ఏ అంటే హాస్టల్ చూసుకునే రెసిడెంట్ అసిస్టెంట్), కండక్ట్ ఆఫీసు (క్రమశిక్షణ చూసే ఆఫీసు) పిలిచింది, ఒక సెమిస్టర్ సస్పెండ్ చేసింది అనుకోండి. అమెరికన్ పిల్లాడికి ఆర్నెల్లు పోతాయి, ఇంటికెళ్లి ఏదో ఉద్యోగం చేసుకుని తిరిగొస్తాడు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాడికి ఫుల్‌టైమ్ ఎన్‌రోల్‌మెంట్ పోతే సెవిస్ (విదేశీ విద్యార్థుల ఫెడరల్ డేటాబేస్) రికార్డు ఆగిపోతుంది, స్టేటస్ పోతుంది, సామాను సర్దుకోవాల్సి వస్తుంది. పక్కన కూర్చుని అదే తప్పు చేసిన ఇద్దరికి రెండు వేర్వేరు శిక్షలన్నమాట. ఇందులో న్యాయం ఎంత అన్నది వేరే చర్చ. కండక్ట్ ఆఫీసు నుంచి కాగితం రాగానే, హియరింగ్‌కి వెళ్లకముందే, మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓతో (మీ వీసా రికార్డు చూసే అధికారితో) మాట్లాడండి. సస్పెన్షన్ బదులు ప్రొబేషన్ అడిగే అవకాశం ఉంటే అప్పుడే ఉంటుంది, తీర్పు వచ్చాక ఉండదు.

పోలీసు కేసే అయితే అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. మూన్స్ మెల్లౌలీ అని ట్యునీషియా నుంచి 2004లో స్టూడెంట్ వీసా మీద వచ్చినాయన కథ ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. బాగా చదువుకున్నాడు, రెండు మాస్టర్స్ చేశాడు, మిజోరీ యూనివర్సిటీలో లెక్కలు చెప్పాడు, గ్రీన్‌కార్డు కూడా వచ్చింది. 2010లో కేన్సస్‌లో తాగి నడిపిన కేసులో పట్టుకున్నప్పుడు ఆయన సాక్సులో నాలుగు ఆడరాల్ (ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే ఉత్తేజక మందు) మాత్రలు దొరికాయి. చివరికి ఒప్పుకున్న నేరం చిన్నదే, మాత్రలు దాచడానికి వాడిన వస్తువు కలిగి ఉండటం. అంటే ఆ సాక్సు. దాని మీదే దేశం నుంచి పంపేశారు. 2015లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. న్యాయం దొరికింది, కానీ అప్పటికి ఎన్నేళ్లు పోయాయో లెక్కేసుకోండి. ఆ తీర్పు కూడా కేన్సస్ చట్టంలో ఉన్న ఒక తేడా పట్టుకుని వచ్చిందే తప్ప, మాత్రలు నాలుగే కదా అని జాలిపడి ఇచ్చింది కాదు.

ఆడరాల్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఫైనల్స్ వారంలో లైబ్రరీలో "ఇదొకటి వేసుకో, రాత్రంతా చదవొచ్చు" అని ఇచ్చేవాళ్లు ఉంటారు. అది షెడ్యూల్ 2 మందు. డాక్టర్ రాసిచ్చిన మనిషి తప్ప ఇంకెవరి జేబులో ఉన్నా నేరమే, ఇచ్చినవాడిది ఇంకా పెద్ద నేరం. మనవాళ్లు ఇండియా నుంచి తెచ్చుకున్న ఆల్‌ప్రజోలామ్ నిద్రపట్టని రూమ్మేట్‌కి ప్రేమగా ఇవ్వడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ట్రమడాల్, క్లోనజెపామ్, మోడాఫినిల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ అన్నీ ఇక్కడ నియంత్రిత మందులే. మీకు అవసరమైనవి తెచ్చుకోండి, కానీ డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే, మీ వాడకానికి సరిపడా మాత్రమే. వేరేవాళ్ల కోసం ఒక్క స్ట్రిప్ కూడా మోయకండి.

మళ్లీ కేసు దగ్గరికి వస్తే, చిన్న కేసుల్లో ప్రమాదమంతా తొందరలో ఉంది. "వంద డాలర్లు ఫైన్ కట్టి ఒప్పుకుంటే ఈరోజే అయిపోతుంది, రికార్డు కూడా తర్వాత చెరిపేస్తారు" అంటారు. రాష్ట్రం చెరిపేసినా ఇమిగ్రేషన్ లెక్కలో అది చాలాసార్లు అలాగే మిగిలి ఉంటుంది. మీరు నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక షరతు పెట్టారంటే చాలు, శిక్ష వాయిదా వేసినా సరే, దాన్ని కన్విక్షన్‌గానే చూస్తారు. 30 గ్రాముల లోపు గంజాయి సొంతానికి ఉంచుకున్న ఒకే ఒక్క కేసుకు డిపోర్టేషన్ నుంచి మినహాయింపు ఉంది. అది విని ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అయితే ఆ మినహాయింపు దేశంలో ఉన్నంతవరకే. పెళ్లికో పండక్కో ఇంటికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు, స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు చూసే నిబంధన వేరు, అందులో ఈ మినహాయింపు లేదు. అందుకని ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు లాయర్ దగ్గరికి వెళ్లండి. క్లయింటుకు ఇమిగ్రేషన్ పరిణామాలు చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "నేను ఎఫ్-1 మీద ఉన్నాను" అని మీరే మొదటి మాటగా చెప్పండి. పెద్ద యూనివర్సిటీల్లో చాలా చోట్ల విద్యార్థుల కోసం లీగల్ సర్వీస్ ఆఫీసు ఉంటుంది, మీ ఫీజులోనే దాని ఖర్చు కలిసి ఉంటుంది.

తాగి కారు నడిపితే అరెస్టుతోనే వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. కోర్టు తీర్పు దాకా కూడా ఆగరు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి తీసేసినప్పుడు, వాళ్లలో ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసులున్నవాళ్లు కూడా ఉన్నారు. కోర్టులకెక్కాక చాలామందివి తిరిగి వచ్చాయి, కానీ ఆ వారాల్లో ఫోన్ చేసిన పిల్లల గొంతులు నాకింకా గుర్తున్నాయి.

లాంగ్ వీకెండ్‌లో కారు మాట్లాడుకుని విస్కాన్సిన్ డెల్స్‌కో ఇండియానా డ్యూన్స్‌కో వెళ్తుంటారు. ఆ రెండు రాష్ట్రాల్లోనూ సరదాకు వాడే గంజాయి లీగల్ కాదు. కారులో ఎవరో ఒకరి బ్యాగులో గమ్మీల (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిల) ప్యాకెట్ ఉంటే, అది ఎవరిదో తేలేదాకా నలుగురూ ఇరుకున పడతారు. డాలస్ వెళ్లే పిల్లలు మరీ గుర్తుపెట్టుకోండి, టెక్సస్‌లో గంజాయి నూనె ఉన్న వేప్ పెన్ దొరికితే, నూనె ఒక గ్రాము లోపే ఉన్నా అది ఫెలనీ, అంటే పెద్ద నేరం. బయలుదేరే ముందు "ఎవరి దగ్గరైనా ఏమైనా ఉందా?" అని అడగడానికి మొహమాటపడకండి.

ఉద్యోగాల విషయం. గంజాయి దుకాణంలో పని ఎంత లీగల్‌గా కనిపించినా వీసా మీద ఉన్నవాళ్లు ఆ దరికి పోవద్దు. రాష్ట్ర చట్టం ఒప్పుకున్న గంజాయి వ్యాపారంలో పనిచేసినా సిటిజన్‌షిప్‌కి అడ్డు రావచ్చని ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ 2019లోనే స్పష్టంగా ప్రకటించింది. ఓపీటీలో చేరేటప్పుడు, కన్సల్టెన్సీ ద్వారా బ్యాంకుకో ఆసుపత్రికో వెళ్లేటప్పుడు డ్రగ్ టెస్టు చాలా చోట్ల తప్పదు. రోజూ వాడేవాళ్ల మూత్రంలో గంజాయి ఆనవాళ్లు వారాల తరబడి ఉంటాయి. పెట్రోల్ బంకుల్లో "హెంప్" అని, "డెల్టా-8" అని అమ్మే గంజాయి జాతి సరుకు తిన్నా టెస్టు పాజిటివ్ రావచ్చు.

ఇందులో మన వంటింటికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. గసగసాలు. కోడికూరలో దట్టంగా వేసుకుని తింటే మూత్రంలో మార్ఫిన్ కనిపించే అవకాశం ఉంది. ఇలాంటి పాజిటివ్‌ల వల్లే ఫెడరల్ టెస్టుల్లో పరిమితిని 1998లో 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచారు. ప్రైవేటు టెస్టుల్లో పాత పరిమితి ఇంకా వాడేవాళ్లున్నారు. టెస్టుకు ముందు రెండు మూడు రోజులు గసగసాల జోలికి పోకండి. మీరు వాడే మందులకు డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి, రిజల్ట్ తేడాగా వస్తే మెడికల్ రివ్యూ ఆఫీసర్ (రిజల్ట్ పరిశీలించే డాక్టర్) ఫోన్ చేసి అడుగుతారు. ఆ ఫోన్ ఎత్తకపోతేనే నష్టం. అన్నట్టు, హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వచ్చేవాళ్ల అమ్మలకు కూడా చెప్పండి, యూఏఈలో గసగసాలు నిషేధం. మసాలా డబ్బాలో అవి లేకుండా చూసుకోమనండి.

ఇప్పటికే అలవాటులో పడినవాళ్లు ఇది చదువుతుంటే, మీతో ఒక మాట. ఒంటరితనం, అప్పు వడ్డీ, జాబ్ మార్కెట్ మూడు వైపులా నొక్కేస్తుంటే మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు, అది నాకు అర్థమవుతుంది. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌లో మీరు చెప్పుకున్నది గోప్యం. అది ఇమిగ్రేషన్‌కి పంపే ఆఫీసు కాదు, మీ డిపార్ట్‌మెంటుకు చెప్పే ఆఫీసూ కాదు. ప్రాణాపాయం లాంటి కొద్ది సందర్భాలే మినహాయింపు, అవేమిటో మొదటి రోజే వాళ్లు చెబుతారు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో మాదకద్రవ్యాల వాడకం బయటపడితే ఏడాది పాటు మానేసినట్టు చూపించాల్సి రావచ్చు. కాబట్టి ఎంత ముందు మానితే అంత మేలు.

ప్రాణాల మీదకు వచ్చినప్పుడు మాత్రం వీసా గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించవద్దు. గమ్మీ ఒక్కో ముక్కలో 10 మిల్లీగ్రాముల దాకా టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) ఉంటుంది. తిన్న గంట దాకా ఏమీ తెలియదు, పనిచేయలేదనుకుని ఇంకొకటి, మరొకటి తింటారు. నాకు తెలిసిన కుర్రాడొకడు అలాగే మూడు తిని, రెండో గంటలో గుండె దడతో బాత్రూమ్ నేల మీద కూలబడ్డాడు. రూమ్మేట్లు అంబులెన్స్‌ని పిలవడానికి భయపడి, నిమ్మరసం పట్టిస్తూ అరగంట వృథా చేశారు. వాడు బతికాడు. అదే బయట కొన్న మాత్ర అయివుంటే ఆ అరగంట ఉండేది కాదు. అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ 2023లో పరీక్షించిన, ఫెంటనిల్ (చాలా బలమైన మత్తుమందు) కలిసిన నకిలీ మాత్రల్లో పదింట ఏడింటిలో ప్రాణం తీసేంత మోతాదు ఉంది. ఆ మోతాదు రెండు మిల్లీగ్రాములు.

ఫెంటనిల్ లాంటివి ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవాళ్లకు విరుగుడుగా పనిచేసే నార్కాన్ అనే ముక్కులో కొట్టే స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరుకుతోంది, చాలా క్యాంపస్‌లలో ఉచితంగా ఇస్తారు. ఒకటి తెచ్చి వంటగది అరలో, అందరికీ కనిపించేలా పెట్టుకోండి. ఎవరైనా లేపినా లేవకపోతే, పెదవులు నీలంగా మారితే, ఊపిరి గురకలా వస్తే వెంటనే 911కి ఫోన్ చేయండి. ఇల్లినాయిస్‌లో అలా సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకూ, పడిపోయినవాళ్లకూ కొద్ది మొత్తం ఉంచుకున్నందుకు కేసు పెట్టకుండా 2012 నుంచి చట్టం రక్షణ ఇస్తోంది, చాలా రాష్ట్రాల్లో ఇలాంటిదే ఉంది. అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, ముందు చెప్పండి. ఏం తిన్నాడో దాచకుండా చెప్పండి. వెల్లకిలా పడుకోబెట్టి స్ప్రే కొట్టి, తర్వాత ఒక పక్కకు తిప్పి ఉంచండి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే మరో ముక్కులో రెండోది కొట్టండి. వాళ్లు వచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి.