టవర్ కట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నాంపల్లి దగ్గర 24 అంతస్తుల ఆఫీసు టవర్ డిజైన్ పని నీ చేతికి వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అత్తయ్య వెంటనే పూతరేకుల డబ్బా తీసింది. ఒకటి తిన్నాను, రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. సంతోషమే. కానీ నలభై ఏళ్లు ఈ పని చేసినవాడికి శుభవార్త వింటే ముందు బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన జాగా, అదే సెట్‌బ్యాకులు, గుర్తొస్తాయి, తర్వాత నిద్ర పట్టదు.

నువ్వు పంపిన బొమ్మలు మీ బావ టీవీలో పెట్టి చూపించాడు. బాగున్నాయి. మరి ముందు వైపు కుక్కను పట్టుకుని నడుస్తున్న ఆ దొరసాని ఎవరే? నాంపల్లిలో ఆ వేళకు కనిపించేది చంకలో ఫైలు పెట్టుకున్న గుమస్తా, మెట్రో దిగి సంచీ మోసుకొస్తున్న పెద్దావిడ, టీ బండి. ముందు వాళ్లను గీయి. ఆ నీటి కొలను కొట్టెయ్. రెండో ఏడాదికి మోటారు చెడుతుంది, మూడో ఏడాదికి దోమలు.

సాయిల్ టెస్ట్, రోడ్డు వెడల్పులో పోయే జాగా, ఫైరింజన్ తిరిగే దారి నీకు తెలిసినవే. చూసుకో.

ఒక్క మాట మాత్రం విను. హైదరాబాద్‌లో 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశాక ఎత్తును తేల్చేవి రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులే. అంటే చుట్టూ జాగా వదలడం నీ దయ కాదు, రూలు. వదిలిన జాగా కార్లకు పోతుందా, మనుషులకు దక్కుతుందా అన్నదే నువ్వు తేల్చాల్సింది.

2004లో మీ బావ దగ్గరికి వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో సీగ్రామ్ బిల్డింగ్ చూశాను. 1958లో పూర్తయింది, 38 అంతస్తులు. దాన్ని గీసిన ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె ముందు 90 అడుగుల దాకా ఖాళీగా వదిలేశాడు. జనం మెట్ల మీదా, నీటి తొట్టి గట్టు మీదా కూర్చుని డబ్బాలు విప్పుకుని తింటున్నారు. దాన్ని చూసి ముచ్చటపడి ఆ ఊరివాళ్లు 1961లో కొత్త రూలు పెట్టారు. బిల్డింగ్ ముందు చదరపు అడుగు ఖాళీ జాగా, అంటే ప్లాజా, వదిలితే, బాగా దట్టమైన చోట్ల పైన 10 చదరపు అడుగుల దాకా అదనంగా కట్టుకోవచ్చు. బిల్డర్లు ఎగబడి వదిలారు. జనం కోసం వదిలింది కాదుగా, చాలా చోట్ల బోసిగా పడి ఉన్నాయి. అప్పుడు విలియం వైట్ అనే ఆయన కెమెరాలు పెట్టి ఏళ్ల తరబడి చూసి, కూర్చునే చోటు ఉన్న దగ్గరే జనం కూర్చుంటారని తేల్చాడు. మా నాన్నమ్మకు ఆ సంగతి అరుగు మీద కూర్చునే తెలుసు. సరే, 1975లో రూలు మార్చి, 30 చదరపు అడుగుల ప్లాజాకు ఒక అడుగు పొడవు కూర్చునే చోటు ఉండాలన్నారు. నువ్వూ ఆ లెక్క పట్టుకో. బెంచీలు వద్దు, రాతి గట్టే కట్టు. ఎత్తు అడుగున్నర, వెడల్పు రెండున్నర అడుగులుంటే రెండు పక్కలా కూర్చోవచ్చు. బెంచీని రేపు ఎవరైనా లోపలికి మోసుకుపోతారు, గట్టును మోసుకుపోలేరు.

ఇక నా తప్పు చెప్తాను. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

1987. కోఠీ వైపు ఏడంతస్తుల కాంప్లెక్స్, నాకు వచ్చిన మొదటి పెద్ద పని. కార్లకు సెల్లార్ కావాలన్నాడు ఆసామి. తవ్వితే నాలుగడుగులకే బండ తగిలింది. పక్కనున్న పాత మేడ గోడలు అప్పటికే బీటలిచ్చి ఉన్నాయి, మందు పెట్టి పేల్చడానికి వీల్లేదు. మనుషులతో కొట్టిస్తే నెలలు పడుతుంది. ఆసామి తల పట్టుకుని కూర్చుంటే ఉపాయం చెప్పింది నేనే. సెల్లార్ సగమే దించి, బిల్డింగ్‌ను ఐదడుగులు పైకి లేపుదామన్నాను. లక్షలు మిగిలాయని ఆయన నాకు సఫారీ సూటు గుడ్డ పెట్టాడు.

కాగితం మీద ఐదడుగులంటే ఎంత, వేలెడు లేదు. రోడ్డు మీద అది 110 అడుగుల పొడవున, మనిషి గడ్డం దాకా లేచిన గోడ. సెల్లార్ గాలి కోసం పైన ఇనుప జాలీలు. లోపలికి వెళ్లాలంటే పది మెట్లు. ఆ గోడకు షాబాదు బండ తాపడం చేయించి, ఎదురుగా నిలబడి చూసుకుని మురిసిపోయాను.

మొదటి ఏడాది పోస్టర్లు పడ్డాయి. రెండో ఏడాది ఏం జరిగిందో నువ్వే ఊహించు. తలుపు లేదు, దుకాణం లేదు, దీపం లేదు, చూసే కన్ను లేదు. మగవాళ్లకు ఇంకేం కావాలి? వాచ్‌మన్ మొర పెట్టుకుంటే ఆసామి అన్ని మతాల దేవుళ్ల టైల్స్ తెచ్చి వరసగా అంటించాడు. నేను గీసిన ఎలివేషన్‌లో, అదే ముందు వైపు బొమ్మలో, లేని దేవుళ్లంతా వచ్చి నా గోడకు కాపలా కాశారు. టైలుకూ టైలుకూ మధ్య జాగాలో మాత్రం పని ఆగలేదు.

మీ అమ్మ ఉద్యోగం అప్పుడు ఆ వీధిలోనే, నా బిల్డింగ్‌కు రెండు గేట్ల అవతల. 1993లో ఒక సాయంత్రం తనను ఇంటి దగ్గర దింపుదామని స్కూటర్ వేసుకుని బస్టాపులో నిలబడ్డాను. ఆఫీసు మెట్లు దిగింది. నేరుగా నడిస్తే బస్టాపే. రోడ్డు దాటింది. అవతలి ఫుట్‌పాత్ మీద నడిచి, నా బిల్డింగ్ దాటాక మళ్లీ ఇటు దాటింది. ఆ ట్రాఫిక్‌లో రెండుసార్లు. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు. ఎందుకే అలా అంటే ఏదో చెప్పి తప్పించబోయింది. గట్టిగా అడిగితే, "ఐదేళ్లుగా ఇలాగే వస్తున్నా అన్నయ్యా. చీకటి పడ్డాక మీ గోడ పక్కన ఏ ఆడదీ నడవదు" అంది.

మీ గోడ అంది. ఇల్లు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ వారమే ఆసామి దగ్గరికి వెళ్లాను. గోడ తెరిచి చిన్న దుకాణాలు పెడదాం, నాలుగు కార్లు తగ్గినా అద్దె వస్తుందన్నాను. "మీ ఫీజు ఇచ్చేశాగా సారూ" అన్నాడు. ఆ గోడ ఇంకా ఉంది.

అందుకే అడుగుతున్నాను, లాబీ గీయకముందు టాయిలెట్ గీయి. రోడ్డు మీది జనానికి, ఆడవాళ్లకు విడిగా, గార్డును బతిమాలకుండా వెళ్లేలా, రాత్రి కూడా దీపం ఉండేలా. మీ క్లయింట్ నవ్వుతాడు. నవ్వనీ. ఫుట్‌పాత్ వెంట ప్రతి 20 అడుగులకు ఒక తలుపు ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, సెల్లార్ ర్యాంపు పక్క సందులోకి తొయ్యి. పోస్టర్లతో మూసేసిన బ్యాంకు అద్దం కూడా గోడే, మర్చిపోకు.

న్యూయార్క్‌వాళ్లు ఎండ వెతుక్కుంటారు, మనకు కావాల్సింది నీడ. మధ్యాహ్నం నుంచి టవర్ నీడ తూర్పు వైపు పడుతుంది. కాబట్టి సాయంత్రం కూర్చునే గట్లు తూర్పున పెట్టు. మే నెల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, టవర్ నీడ దాని కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. అప్పటికి రోడ్డు వెంట కమాన్ల వసారా కావాలి. బొంబాయిలో డీఎన్ రోడ్డు చూశావుగా, వానలోనూ గొడుగు లేకుండా ఎంత దూరం నడిచామో. అప్పుడు నువ్వు ఐస్‌క్రీమ్ కోసం ఏడ్చావు, అది వేరే సంగతి.

ఆషాఢంలో పడమటి గాలి టవర్ మొహానికి కొట్టుకుని కిందికి దిగుతుంది, చీరలు ఎగిరిపోతాయి. రెండో అంతస్తు దగ్గర వెడల్పాటి చజ్జా వేసి ఆ గాలిని విరగ్గొట్టు. అద్దాల సంగతీ అంతే. లండన్‌లో ఫెన్‌చర్చ్ స్ట్రీట్ టవర్ లోపలికి వంగిన అద్దాలతో 2013లో ఎండను ఒకచోటికి పోగేసి, ఆగి ఉన్న కారు ప్లాస్టిక్కును కరిగించింది. పడమర అద్దం తగ్గించు.

గార్డు ఒక్కడే నాకు తెగని చిక్కు. నువ్వెంత గీసినా, వాడి చేతిలో విజిల్ ఉంటే గట్టు ఖాళీయే. అద్దె అగ్రిమెంట్లలోనే రాయించగలవేమో చూడు. హాంకాంగ్‌లో 1985లో కట్టిన హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు బిల్డింగ్ కింద అంతా ఖాళీ. ఆదివారాలు ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు అట్టలు పరుచుకుని కూర్చుంటారు. బ్యాంకుకు ఏ నష్టమూ రాలేదు.

ఒక పనిరోజు సాయంత్రం ఏడింటికి మీ అమ్మను సైట్ దగ్గరికి తీసుకెళ్లు. ఏమీ చెప్పకు. ఏ పక్క నడుస్తుందో, ఎక్కడ కుచ్చెళ్లు ఎత్తుతుందో, ఎక్కడ ఆగుతుందో గీసి నాకు పంపు. ఫోన్‌లో వద్దు, నాకు కనబడదు. ఏ3 మీద ప్రింటు తీసి కొరియర్ చెయ్. పూతరేకులు రెండు డబ్బాలు పంపుతున్నాం, ఒకటి ఆఫీసులో పంచు.

ఉంటాను,
మామయ్య
రాజమండ్రి