ప్రసంగం తర్వాతి ఇష్టాగోష్ఠి

ప్రశ్న: మా చరిత్ర సంఘం నెలనెలా స్థానిక చరిత్రపై ప్రసంగం, ఆ తర్వాత ఇష్టాగోష్ఠి ఏర్పాటు చేస్తోంది. ప్రసంగం కాగానే చాలామంది లేచి వెళ్లిపోతున్నారు. గోష్ఠిని మానేయవచ్చా?

జవాబు: మానేయకండి. ప్రసంగంలో వినిపించేది వక్తకు తెలిసిన చరిత్ర మాత్రమే. శ్రోతలకు తెలిసినది బయటపడేది గోష్ఠిలోనే. అయితే ఉపన్యాసం గంటన్నర సాగితే ఆ తర్వాత ఎవరూ కూర్చోరు, అందుకు వారిని తప్పుపట్టలేం కూడా. దానిని 40 నిమిషాలకు కుదించండి.

గోష్ఠికి ఊరికే కుర్చీలు వేయడం చాలదు, మాట కదలడానికి ఒక వస్తువు కావాలి. పాత వీధి ఛాయాచిత్రాన్ని పెద్దదిగా ముద్రించి బల్లపై పరచి, దానిపై పలచని కాగితం కప్పి, పక్కన పెన్సిళ్లు ఉంచండి. ఒకరు మేడను గుర్తుపట్టి పేరు రాస్తారు, మరొకరు అది అప్పటికింకా కట్టలేదని వాదిస్తారు. ఆ వాదమే మీకు దక్కే అసలైన సామగ్రి. చెప్పినవారి పేరు, తేదీతో పాటు, వారు స్వయంగా చూసినదా, పెద్దల నోట విన్నదా అన్నది కూడా నమోదు చేయండి.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ 1948లో మౌఖిక చరిత్ర (మనుషుల నోట విని నమోదు చేసే చరిత్ర) సేకరణకు వ్యవస్థీకృత రూపం ఇచ్చినప్పటి నుంచి జ్ఞాపకాలకు ఆధారంగా గౌరవం పెరిగింది. అయినా సంవత్సరాల విషయంలో జ్ఞాపకం తరచూ తడబడుతుంది కనుక, పాత పటాలతో, దస్తావేజులతో, పత్రికలతో సరిచూడనిదే దేనినీ అచ్చు వేయవద్దు. మాటలు రికార్డు చేసేముందు చెప్పేవారి అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి.