ధమని, సిర తారుమారైతే

మీ అబ్బాయి పదో తరగతి ప్రీఫైనల్లో "ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం, చెడు రక్తాన్ని మూత్రపిండాలు బయట పారబోస్తాయి" అని రాశాడన్నారు కదా, చదివి నవ్వాపుకోలేకపోయానండీ. మా ట్యూషన్లో ఒకమ్మాయైతే "మొక్కలు పగలు వంట చేసుకుని, రాత్రి ఊపిరి పీల్చుకుంటాయి" అని రాసింది. (శ్వాసక్రియ పగలూ రాత్రీ ఆగదు.)

బాబు తప్పు "మంచి, చెడు" దగ్గరే మొదలైంది. ముందు ఆ మాటలు మాన్పించండి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర, అంతే. అప్పుడు పుపుస ధమనిలో (గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లేది) ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఎందుకుంటుందో బట్టీ పట్టకుండానే తనకు తడుతుంది.

తెల్ల కాగితం మీద గుండె నాలుగు గదులూ (పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు) గీయించండి. ఎడమ జఠరిక దగ్గర వేలు పెట్టి మహాధమని, ఒళ్లంతా, కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక మీదుగా మళ్లీ అక్కడికే రమ్మనండి, పేర్లు పైకి చెబుతూ. అన్నట్టు, బొమ్మలో గుండె ఎడమ భాగం మన కుడిచేతి వైపు ఉంటుంది. చాలామంది పిల్లలు బోల్తా పడేది అక్కడే. గదుల మీద "ఎడమ", "కుడి" అని ముందే రాయించండి. పరీక్షలో టెన్షన్ ఉండదు.