పచ్చ చుక్క వెలిగించి కూర్చుంటే

ఈ వారం మూడు ఉత్తరాలు. మూడూ ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ల గురించే. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, మాది కదిరి. బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా పీజీలో ఉంటాను. రెండేళ్లుగా ఇక్కడి నుంచే ఒక న్యూయార్క్ కంపెనీకి వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. టీమ్‌లో ఎనిమిది మందిమి, ఇండియాలో నేనొక్కడినే. ఇంతవరకు ఏ పనీ లేటు చేయలేదు. అయినా ఈసారి రివ్యూలో మేనేజర్ "నువ్వేం చేస్తున్నావో నాకు తెలియడం లేదు" అన్నాడు. అప్పటి నుంచి రాత్రి పన్నెండు దాకా చాట్‌లో నా పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోకుండా మౌస్ కదుపుతూ కూర్చుంటున్నాను. నిద్ర లేదు, టెన్షన్ మాత్రం ఉంది. ఇంకేం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ మౌస్ వదిలెయ్. నువ్వు మెలకువగా ఉన్నావా లేదా అని మీ మేనేజర్ అడగలేదు. ఏం చేస్తున్నావో తెలియడం లేదన్నాడు. చుక్క చూస్తే అది తెలియదు కదా.

నిన్న స్టాండప్‌లో (ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రోజూ చెప్పుకునే టీమ్ మీటింగ్) ఏం రాశావో ఒకసారి తీసి చూడు. "లాగిన్ ఇష్యూ మీద పనిచేస్తున్నాను" అని ఉంటుంది. మొన్న కూడా అదే ఉంటుంది. నేనూ అలాగే రాసేదాన్ని. మనకి తెలుసు, ఆ ఒక్క ముక్క వెనక పది గంటల పని ఉందని. ఆఫీసులో అయితే నీ మొహం చూసి పక్క సీటువాడికి అర్థమవుతుంది. తొమ్మిదిన్నర గంటల దూరంలో ఉన్నవాడికి నీ మొహం కనబడదు, నువ్వు రాసిందే కనబడుతుంది. అందుకని ఇలా రాయి (ఇంగ్లిష్‌లోనే రాయి, సంగతి మాత్రం ఇది): "పాస్‌వర్డ్ మార్చుకున్నాక ఐఫోన్‌లో లాగిన్ పేజీకే తిరిగి వస్తోంది. సఫారీలో మాత్రమే జరుగుతోంది. కుకీ సెట్టింగ్ మీద అనుమానం. రేపు మధ్యాహ్నానికి తేలుతుంది. తేలకపోతే సర్వర్ వైపు చూసేవాళ్ల సాయం కావాలి." ఐదు వాక్యాలు. గ్రామర్ తప్పు పోతుందని భయపడకు. చిన్న వాక్యాల్లో తప్పులు తక్కువే వస్తాయి.

పుల్ రిక్వెస్ట్ (నువ్వు మార్చిన కోడ్‌ని చూసి అసలు కోడ్‌లో కలపమని టీమ్‌ని అడగడం) కూడా అంతే. "ఫిక్స్‌డ్" అని ఒక్క మాట రాసి పంపితే, అవతలివాడు మూడు వందల లైన్లు చదివి నీ మనసులో ఏముందో కనుక్కోవాలి. ఏం చెడింది, ఎందుకు చెడింది, నువ్వేం మార్చావు, ఎలా పరీక్షించావు, అంతా రాయి. పేజీ మారినట్టు కనబడేదైతే ముందు ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని రెండు స్క్రీన్‌షాట్లు పెట్టు. నువ్వు నిద్రపోతుండగా వాళ్లు చదువుతారు. నువ్వు లేచేసరికి అది మెర్జ్ అయి, అంటే కలిసిపోయి ఉంటుంది, లేదా ప్రశ్న వచ్చి ఉంటుంది. ఏమీ రాయకపోతే ఆ ప్రశ్న మర్నాటికి, దాని జవాబు ఆ మర్నాటికి పోతాయి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2021లో నేను ఇదే రామమూర్తినగర్ ఇంట్లో, ఇదే డైనింగ్ టేబుల్ మీద, అమెరికాలో క్లినిక్‌ల అపాయింట్‌మెంట్ పేజీ ఒకటి చేశాను. నా దగ్గర బ్రహ్మాండంగా పనిచేసింది. హైదరాబాద్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయి దగ్గరా పనిచేసింది. విడుదల చేశాక అక్కడివాళ్లకి 15వ తేదీ అపాయింట్‌మెంట్ 14 అని కనబడింది. కొందరు ఒకరోజు ముందే క్లినిక్‌కి వెళ్లిపోయారు.

ఎందుకలా అయిందంటే, వెబ్ పేజీలు రాసే జావాస్క్రిప్ట్ భాషకి టైమ్ లేకుండా ఉత్త తేదీ ఇస్తే, ఆ ఏడాది-నెల-రోజు రూపంలో ఉన్నదాన్ని యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైమ్) అర్ధరాత్రి అని చదువుకుంటుంది. యూటీసీలో 15 అర్ధరాత్రి అంటే మనకి 15వ తేదీ ఉదయం ఐదున్నర, తేదీ మారదు. న్యూయార్క్‌లో వేసవి అయితే 14వ తేదీ రాత్రి ఎనిమిది. మనం తూర్పున ఉన్నాం కాబట్టి ఆ తప్పు మనకి చచ్చినా కనబడదు. తేదీని తేదీలాగే, అక్షరాలుగా ఉంచి చూపిస్తే సరిపోయేది. ఇప్పుడైతే ఏ తేదీ ముట్టుకున్నా క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ తెరిచి, లొకేషన్ అమెరికాకి మార్చి చూస్తాను. దాంతోపాటు టైమ్ జోన్ కూడా మారుతుంది. నువ్వూ అలవాటు చేసుకో.

అయితే తేదీ తప్పు కంటే పెద్ద తప్పు ఆ రాత్రి చేశాను. తొమ్మిదింటికి కారణం దొరికింది. సరిచేసి, అంతా బాగయ్యాక చెబుదాంలే అని ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను. పరువు. పదకొండున్నరకి చెప్పాను. అప్పటిదాకా అక్కడ ఇద్దరు అదే తప్పు కోసం డేటాబేస్ అంతా వెతుకుతున్నారు. మేనేజర్ తేదీ గురించి ఒక్క మాట కూడా అనలేదు. "తొమ్మిదింటికే తెలిస్తే వాళ్లిద్దరినీ ఎందుకు వెతకనిచ్చావు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి అరగంట మించి ఎక్కడైనా ఆగిపోతే "ఇక్కడ ఆగిపోయాను" అని రాసేస్తున్నాను. నామోషీగానే ఉంటుంది, అయినా రాస్తాను.

ఇక నీ నిద్ర సంగతి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిదిన్నర అని టైమ్ పెట్టుకుని మేనేజర్‌కి రాసి చెప్పు. వాళ్ల పొద్దుటి పూటంతా నీకు దొరుకుతుంది. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం ముందుకి. వాళ్ల తొమ్మిదిన్నర స్టాండప్ నీకు వేసవిలో ఏడింటికి, చలికాలంలో ఎనిమిదింటికి పడుతుంది. ఆ నాలుగు నెలలు నీ టైమూ గంట జరుపుకో. పని అయ్యాక లాప్‌టాప్ మూసి, పీజీలో సాంబారు చల్లారకముందే తిను. ఆఫీసుకి వెళ్లేవాళ్లని చూసి అసూయపడకు. కేఆర్ పురం వేలాడే వంతెన దాటడానికే నేను ముప్పావుగంట పెట్టిన రోజులు ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్, నన్ను విదేశీ కంపెనీ కాంట్రాక్టర్‌గా పెట్టుకుంది. నెలనెలా డాలర్లు వస్తాయి. పీఎఫ్ లేదు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ ఎలా?

జవాబు: లెక్కలు నా సబ్జెక్ట్ కాదు, నేను కట్టుకున్నంతవరకు చెబుతాను. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సేవల ఎగుమతికి పన్ను సున్నా, కానీ ఎల్‌యూటీ అనే హామీపత్రం ముందే వేయాలి. అది ఏటా మళ్లీ వేయాలి, మర్చిపోయేది అక్కడే. ఆదాయపు పన్నులో మనలాంటి ఐటీ వృత్తివాళ్లకి వచ్చినదాంట్లో సగాన్ని ఆదాయంగా చూపే వీలుంది. 50 లక్షల దాకా వర్తిస్తుంది, నగదు రాబడి ఐదు శాతం మించకపోతే 75 లక్షల దాకా. అలా చూపితే అడ్వాన్స్ ట్యాక్స్ మార్చి 15 లోపు కట్టెయ్యాలి. డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు ఇచ్చే కాగితం దాచండి. ఆడిటర్‌కి ఫీజు ఇవ్వడానికి వెనకాడకండి. పీఎఫ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరూ ఇవ్వరు కాబట్టి రేటు మాట్లాడేటప్పుడే అవి కలుపుకోండి.

ప్రశ్న: అమ్మాయ్, మాది చిత్తూరు. నెలన్నరగా హొరమావులో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. రోజంతా గదిలో తలుపేసుకుని ఉంటాడు. రాత్రి ఏడింటికి ఎవరితోనో ఇంగ్లిష్‌లో మాట్లాడతాడు, మధ్యలో నవ్వుతాడు. పక్కింటావిడ "మీవాడికి ఉద్యోగం లేదా?" అనింది. నాకేం చెప్పాలో తెలియలేదు.

జవాబు: అమ్మా, ఉద్యోగం ఉంది. ఆ ఏడింటిదే మీటింగ్. ఆ గంట మిక్సీ వేయకండి, అంతే. 2020లో మా అత్తగారు సరిగ్గా అప్పుడే వచ్చి "పప్పులో ఉప్పు ఎంత వేయమంటావే?" అని అడిగారు. నా మైకు ఆన్‌లో ఉంది. అమెరికావాళ్లకి ఏమీ అర్థం కాలేదు గానీ, ఆ కాల్‌లో ఉన్న గుంటూరు అబ్బాయి మర్నాడు "ఉప్పు సరిపోయిందా అక్కా?" అన్నాడు.

మీటింగ్ టైమ్‌లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించమని మీవాడికి చెప్పండి. మిగతా వేళల్లో మీరు నిస్సంకోచంగా తలుపు తట్టవచ్చు. ఒకరోజు పక్కన కుర్చీ వేసుకుని, ఇవాళ ఏం చేశావో చూపించమనండి. "ఈ బటన్ ఫోన్‌లో పక్కకి పోతోందమ్మా, సరిచేశాను" అంటాడు. రెండు రోజులు దీనికా అని మాత్రం అనకండి. నిజంగానే రెండు రోజులు పడుతుంది.