గేటు దాటగానే కుక్క తాడు లాగేస్తోంది: సమాధానం

లాగితే ముందుకు వెళ్లవచ్చని మీ కుక్క నేర్చుకుంది, అంతే. ‘లాగినప్పుడల్లా ఆగుతున్నాను, అయినా మార్పు లేదు’ అన్నారు. ఆగడం సరే, మళ్లీ ఎప్పుడు కదులుతున్నారు? చాలామంది పొరబడేది అక్కడే.

1. తాడు బిగియగానే ఆగండి. గుంజవద్దు, అరవవద్దు.

2. అది తల తిప్పి చూసినా, ఒక అడుగు వెనక్కి వేసినా తాడు వదులై మధ్యలో కిందికి వేలాడుతుంది. ఆ క్షణంలోనే మెచ్చుకుని చిన్న తిండి ముక్క ఇవ్వండి. అదీ మీ మోకాలి పక్కనే. చెయ్యి ముందుకు చాచి ఇస్తే మళ్లీ ముందుకే దూకుతుంది.

3. తర్వాతే కదలండి. తాడు బిగువుగా ఉండగా ఒక్క అడుగు వేసినా లాగినందుకు బహుమతి ఇచ్చినట్టే.

మొదట్లో పది నిమిషాలు నడిచినా వీధి చివరికి చేరరు. నేనూ చేరలేదు. ఇంట్లో ఎవరు తీసుకెళ్లినా ఇదే పద్ధతి పాటించాలి. కుక్క లాగడం మానేవరకు మెడపట్టీకి బదులు ఛాతీపట్టీ వాడితే గొంతు నొక్కుకోదు.