ఆటలోని లోకంలో ప్రోగ్రామింగ్ నేర్పితే చదువు వస్తుందా? నా తరగతిలో చూసింది ఇది

మీ ప్రశ్న సారాంశం ఇది: మీరు ఉన్నత పాఠశాలలో గణితం చెబుతారు, మీ పిల్లలకు బ్లాకులతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ లాంటి కంప్యూటర్ ఆటలంటే ప్రాణం. అలాంటి లోకాల్లో ప్రోగ్రామింగ్ నేర్పితే చదువు వస్తుందా, లేక ఆటే మిగులుతుందా అని అడిగారు. మొదలుపెట్టాలంటే ఏ ప్రాజెక్టులతో మొదలుపెట్టాలో కూడా చెప్పమన్నారు.

చదువు వస్తుంది. నేను డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ చెబుతాను, వేసవి సెలవుల్లో బడి పిల్లలకూ చెబుతాను. మామూలు ల్యాబులో ప్రోగ్రాం తప్పితే తెర మీద ఒక తప్పు అంకె వస్తుంది. పిల్లవాడు ఆ అంకెను చూసి, తరువాత నా ముఖం చూస్తాడు. అదే తప్పు ఆ లోకంలో జరిగితే గోడలో కన్నంగానో, గాలిలో వేలాడే మెట్టుగానో కనబడుతుంది. పిల్లవాడు దాని దగ్గరికి నడిచి వెళ్లి, చుట్టూ తిరిగి చూస్తాడు. నా వైపు చూడడు. ఈ ఒక్క తేడా కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ పద్ధతిని వదలలేదు.

నాకు ఈ రుచి తగిలింది సెకండ్ లైఫ్‌లో. లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో ఇంటర్నెట్‌లో తెరిచిన లోకం అది. అక్కడ మన తరఫున తిరిగే బొమ్మను అవతార్ అంటారు. అందులో ప్రతి వస్తువులోనూ ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, పెట్టవచ్చు. కొత్త స్క్రిప్టు తెరిస్తే అందులో ముందే రాసి ఉండే వాక్యం ‘హలో, అవతార్!’. నేను రాసిన మొదటి ప్రోగ్రాం ఒక తలుపు: తాకితే తెరుచుకోవాలి, మళ్లీ తాకితే మూసుకోవాలి. ఆ భాషలో ‘స్థితి’ అన్నది భాషలోనే ఒక భాగం. మూసి ఉన్న స్థితి ఒకటి, తెరిచి ఉన్న స్థితి ఒకటి రాసి, తాకినప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లమని చెప్పాలి. ఇలా స్థితి నుంచి స్థితికి మారేదాన్ని స్టేట్ మెషీన్ అంటారు. ఆ పాఠాన్ని నేను అప్పటికి మూడేళ్లుగా బోర్డు మీద బాణం గుర్తులతో చెబుతున్నాను. ఆ తలుపు ముందు నిలబడ్డాకే అది నాకు చేతికి అందినట్టు అనిపించింది. అక్కడ మాటకు దూరం కూడా ఉంటుంది. వస్తువు మామూలుగా పలికితే 20 మీటర్లు, గుసగుసలాడితే 10, అరిస్తే 100 మీటర్లు వినబడుతుంది. సందేశం ఎంత దూరం చేరుతుందో కాళ్లతో కొలవగలగడం నాకు ఎంతో నచ్చింది. కానీ మా ల్యాబుకు ఉన్న ఇంటర్నెట్‌తో ముప్పై మందిని ఆ లోకంలోకి తీసుకువెళ్లడం సాధ్యం కాలేదు.

అందుకే చివరికి మైన్‌టెస్ట్ దగ్గర స్థిరపడ్డాను. ఫిన్లాండ్‌కు చెందిన పెర్టూ అహోలా 2010లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు పేరును 2024 అక్టోబరులో లువాంటి అని మార్చారు. చూడడానికి మైన్‌క్రాఫ్ట్‌లాగే బ్లాకుల లోకం, పూర్తిగా ఉచితం, సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఒక కంప్యూటర్‌ను సర్వర్‌గా పెడితే ఇంటర్నెట్ లేకుండా ల్యాబు నెట్‌వర్కు మీదే నడుస్తుంది. మా పాత కంప్యూటర్లలో, కనుచూపు దూరం తగ్గించి పెడితే, ఇబ్బంది లేకుండా నడిచింది. మీ బడిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులు ఉంటే మరో దారి కూడా ఉంది. వాటి కోసం 2013లో ఉచితంగా ఇచ్చిన మైన్‌క్రాఫ్ట్ పై ఎడిషన్‌లో పైథాన్ అనే భాషతో బ్లాకులు పెట్టవచ్చు. లువాంటిలో వాడేది లువా భాష. 1993లో బ్రెజిల్‌లోని రియో నగరంలో, ఒక విశ్వవిద్యాలయంలో పుట్టిన భాష అది. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు. బడి పిల్లలకు ‘ఇది చందమామ భాష’ అని చెబితే ఆ పేరు మరి మరచిపోరు.

పాఠం మొదలుపెట్టే ముందు నేను తప్పనిసరిగా చేసే పనులు రెండున్నాయి. మొదటిది, పిల్లల చేతులు కట్టేస్తాను. లువాంటిలో ఆటగాడికి ఇచ్చే అనుమతుల్లో ‘ఇంటరాక్ట్’ అనేది ఒకటి. అది తీసేస్తే చేత్తో తవ్వడం, కట్టడం కుదరదు. ‘ఫ్లై’ అనుమతి మాత్రం ఇస్తాను, ఎగిరి చూడవచ్చు. ఏది కట్టాలన్నా కోడ్ రాసి కట్టాలి. మీరు భయపడుతున్న ‘ఆటే మిగలడం’ నా తరగతిలో జరిగింది ఈ పని చేయని మొదటి సంవత్సరంలోనే. రెండోది, ఒకరి కోడ్‌లో తప్పుంటే లువాంటిలో మొత్తం సర్వర్ ఆగిపోయి, అందరూ బయటపడతారు. అందుకని విద్యార్థుల కోడ్‌ను ‘పీకాల్’ అనే లువా ఫంక్షన్ లోపల నడిపిస్తాను. తప్పు వస్తే ఆ విద్యార్థికి మాత్రమే సందేశం కనబడుతుంది, మిగతావారి లోకం నడుస్తూనే ఉంటుంది. ఈ రెండు ఏర్పాట్లూ లేకుండా మాత్రం తరగతిలో అడుగు పెట్టకండి.

మీరు గణితం చెబుతారు కాబట్టి వృత్తం సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఈ లోకంలో ఎక్స్ తూర్పు వైపు, వై పైకి, జెడ్ ఉత్తరం వైపు పెరుగుతాయి. నిరూపకాలు ఇక్కడ కాగితం మీది చుక్కలు కావు, నిలబడే చోట్లు. ఇంటర్ పూర్తిచేసి వచ్చిన ఒక అమ్మాయికి నిటారుగా నిలబడే చక్రం కట్టమని చెప్పాను, వ్యాసార్థం 10. ఆమెకు సూత్రం తెలుసు. ఎక్స్‌ను -10 నుంచి 10 దాకా నడిపి, 100 నుంచి ఎక్స్ వర్గం తీసేసి, వర్గమూలం కట్టి, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించి పైన ఒక బ్లాకు, కింద ఒక బ్లాకు పెట్టింది. పైన వంపు ముచ్చటగా వచ్చింది. ఎడమ, కుడి పక్కలు మాత్రం తెగిపోయి ఉన్నాయి.

‘సూత్రం తప్పా సార్?’ అని అడిగింది. తప్పు కాదు, వెళ్లి ఆ తెగిన చోట నిలబడి చూడమన్నాను. ఎగిరి అక్కడికి వెళ్లి, బ్లాకుల నిరూపకాలు ఒక్కొక్కటే చదివి నోటుపుస్తకంలో రాసుకుంది. ఎక్స్ -10 దగ్గర ఎత్తు 0. ఎక్స్ -9 దగ్గర 19కి వర్గమూలం, 4.36, అంటే 4. మధ్యలో 1, 2, 3 ఎత్తుల్లో ఏమీ లేదు. ఎక్స్ -8 దగ్గర 6, కాబట్టి 5 కూడా ఖాళీయే. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ‘ఇక్కడ నేను పక్కకు ఒక అడుగు వేస్తే అది పైకి నాలుగు అడుగులు దూకుతోంది సార్. పైభాగంలో మూడడుగులు వేసినా కదలడం లేదు’ అంది. వాలు అంటే ఏమిటో, అవకలనం దేనికి పుట్టిందో ఆ రెండు వాక్యాల్లో ఉంది. నేను కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

దాన్ని సరిచేయడానికి ఆమె రెండు దారులు కనిపెట్టింది. ఎక్స్, వై తారుమారు చేసి ఇంకోసారి గీయడం ఒకటి. రెండోది, 21కి 21 గడుల చదరంలోని 441 గడులనూ ఒక్కొక్కటిగా చూసి, కేంద్రం నుంచి దూరం 10కి అర అడుగు అటూ ఇటూ ఉంటే బ్లాకు పెట్టడం. రెండోదే ఎంచుకుంది. దానికి జెడ్ విలువలను కూడా ఒక్కొక్కటిగా నడిపే లూప్ ఒకటి చేర్చితే గోళం వస్తుందని మరుసటి రోజు తానే వచ్చి చెప్పింది. 9,261 గడులు చూడాలి, అయినా రెప్పపాటులో గోళం నిలబడింది. కింది సగం వదిలేస్తే గుమ్మటం. తరగతి తరగతంతా ఆ గుమ్మటం లోపలికి వెళ్లి పైకి చూశారు.

చెరువు కథ ఇంకా పెద్దది. ముగ్గురు కుర్రాళ్లు కలిసి తమ ఊరి చెరువు కడతామన్నారు: కట్ట, తూము, అలుగు అన్నీ ఉండాలి. పొడవు 40, వెడల్పు 40, నీటి లోతు 4. కట్ట చక్కగా లేచింది. నీరు పోసే లూప్‌లో మాత్రం నేల మట్టాన్ని రెండుసార్లు కలిపారు. దాంతో 6,400 నీటి బ్లాకులు చెరువులో కాకుండా గాలిలో, పది బ్లాకుల ఎత్తున పరుచుకున్నాయి. ఆకాశంలో చెరువు! అక్కడి నుంచి నాలుగు వైపులా నీరు కిందికి దూకి, పక్కవారు వారం రోజులుగా కోడ్ రాసి కట్టుకున్న ఇళ్లలోకి పారింది.

‘ముందు తోడండి’ అన్నాను. ఒకడు మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో బ్లాకు తీసివేసే కమాండ్ రాశాడు. తీసిన బ్లాకు కాసేపట్లోనే మళ్లీ నిండుతోంది. లువాంటిలో మామూలు నీటికి ఒక నియమం ఉంది: ఖాళీ అయిన చోటుకు ఆనుకుని రెండు ఊట బ్లాకులుంటే (నీరు పుట్టే బ్లాకులు) ఆ చోటు మళ్లీ ఊటగా మారుతుంది. వాడు ఒకటి తీసి ఇంకోదాని దగ్గరికి వెళ్లేలోపే లోకం తన నియమం ప్రకారం దాన్ని నింపేస్తోంది. రెండోవాడు రికర్షన్, అంటే తనను తానే పిలుచుకునే ఫంక్షన్, రాశాడు: ఈ బ్లాకు తీసేయి, దాని ఆరు పక్కలకూ ఇదే పని చేయి. ఆలోచన సరైనదే, కానీ పిలుపు మీద పిలుపు పేరుకుపోయి ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ అని ఆగింది. ఆ మాటను వాళ్లు అంతకుముందు పరీక్ష కోసం బట్టీ పట్టారు. ఇప్పుడు సగం తోడిన చెరువు తల మీద వేలాడుతూ, చూస్తుండగానే మళ్లీ నిండుతుంటే దాని అర్థం తెలిసింది.

మూడోవాడు పెద్దగా మాట్లాడే పిల్లవాడు కాదు. ‘ముందు అసలు ముట్టుకోకుండా లెక్క రాసుకుందాం’ అన్నాడు. చూడవలసిన చోట్లకు ఒక జాబితా, చూసేసిన చోట్లకు ఇంకొకటి. జాబితా ఖాళీ అయ్యేదాకా ఒక్కో చోటు తీసి, నీరైతే దాని పక్కలను చేర్చడం. చివరికి లెక్క సరిగ్గా 6,400 వచ్చింది. అప్పుడు అన్నింటినీ ఒకే కమాండ్‌లో తీసేశారు. నీటి నియమానికి మధ్యలో దూరే అవకాశమే లేదు. ఊట పోయాక పారే నీరు దానంతట అదే ఇంకిపోయింది. పుస్తకాల్లో ఈ పద్ధతి పేరు ఫ్లడ్ ఫిల్, అంటే వరదలా నింపడం. మా వాళ్లు వరదను చూశాకే ఆ పేరు విన్నారు.

ముందు అంతా చదువుకో, ఆ తరువాతే మార్చు అన్న ఈ సూత్రం వాళ్ల ఒంటికి ఎంతగా పట్టిందో తరువాతి ప్రాజెక్టులో చూశాను. గణితవేత్త జాన్ కాన్వే రూపొందించిన, గడులు తరం తరానికీ మారే ‘గేమ్ ఆఫ్ లైఫ్’ 1970లో లోకానికి పరిచయమైంది. బతికున్న గడికి రెండు లేదా మూడు బతికున్న పొరుగులుంటే బతుకుతుంది, ఖాళీ గడికి సరిగ్గా మూడుంటే పుడుతుంది. దీన్ని నేల మీద నలుపు, తెలుపు బ్లాకులతో చేయించాను. ప్రతి ఏడాదీ సగం మంది గడులను చూస్తూనే మార్చేస్తారు. అడ్డంగా ఉన్న మూడు గడులు నిలువుగా మారవలసింది పోయి వంకరగా పెరుగుతాయి. ఎందుకంటే పక్క గడి పాత తరాన్ని కాకుండా అప్పుడే పుట్టిన కొత్త తరాన్ని చూస్తోంది. ఆ ఏడాది చెరువు ముంచిన తరగతిలో ఈ తప్పు ఒక్కరూ చేయలేదు.

అన్నింటికీ ఈ లోకం పనికిరాదు. మార్కుల పట్టికలు, పదాల వెతుకులాట, ఫైళ్లు లాంటి పాఠాలను నేను మామూలు పైథాన్‌లోనే చెబుతాను, బ్లాకులతో చెబితే అనవసరమైన తిప్పలే. లోకంలో చేసిన ప్రతి పనినీ ఒకసారి ఆ లోకం బయట కూడా చేయిస్తాను. వృత్తాన్ని నక్షత్రపు గుర్తులతో తెర మీద ముద్రించమంటాను. అది చేయగలిగితేనే పాఠం వచ్చినట్టు. ఇంకో సంగతి. ఇంట్లో కంప్యూటర్ ఆటలు ఆడే వీలు లేని పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లల్లో చాలామందికి, మీటలతో నడవడం, తల తిప్పడం అలవాటవడానికే రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ కోడ్ జోలికి వెళ్లకండి. లేకపోతే కోడ్ తమకు రాదని వాళ్లు అనుకుంటారు, రానిది మీటలు నొక్కడం మాత్రమే. చక్రం కట్టిన ఆ అమ్మాయి మొదటి రోజు ఆ లోకంలో గోడకు తల ఆనించి అరగంట కదలలేకపోయింది.

మీరు మొదలుపెట్టేటప్పుడు పిల్లల చేత తాము నిలబడ్డ చోట కాళ్ల కింద ఒక బంగారు బ్లాకు పెట్టించండి. అక్కడే ఒక చిక్కు వస్తుంది. ఆటగాడి నిరూపకాల్లో దశాంశాలుంటాయి, వాటిని పూర్ణసంఖ్యలుగా సవరించాలి. తరువాత పది బ్లాకుల గోడ. లువాలో 0 నుంచి 10 దాకా అంటే రెండు చివరలూ కలిపి పదకొండు బ్లాకులు వస్తాయి. మీరు చెప్పకండి, గోడ పక్కన నడుస్తూ లెక్కపెట్టనివ్వండి. ఆ తరువాత మెట్లు, ఆ పైన వృత్తం. ఇక్కడికి వచ్చేసరికి ఏం కట్టాలో వాళ్లే చెబుతారు.

చెరువు కుర్రాళ్లు తమ చెరువును మళ్లీ కట్టారు. తూము తెరవడానికి ఒక కమాండ్, మూయడానికి ఒకటి, తెరిస్తే నీరు పొలాల వైపు పోతుంది. అప్పటి నుంచి నా తరగతిలో ఒక అలవాటు నిలిచిపోయింది. ఎవరూ నేరుగా నీరు పోయరు. ముందు అదే లూప్‌తో గాజు బ్లాకులు నింపుతారు, చుట్టూ ఎగిరి నాలుగు మూలలూ చూస్తారు, పొరుగువాణ్ణి పిలిచి చూపిస్తారు. ఆ తరువాతే కోడ్‌లో గాజు అన్న చోట నీరు అని రాస్తారు.