సమాధానం: పూలపూజ తర్వాత ఎరుక నిలవకపోతే

లోపం మీ ధ్యానంలో కాదు, గాథ (పూజలో చదివే శ్లోకం) చదివే వేగంలో ఉన్నట్టుంది. పొద్దున్నే బుద్ధుడికి పూలు పెట్టి పాళీ (పాత బౌద్ధ గ్రంథాల భాష) గాథలు చదివినా, ఆఫీసుకెళ్లేసరికి చిరాకు మామూలే అన్నారు కదా. 'పుప్ఫం మిలాయాతి' అనే పాదం నుంచి, ఈ పువ్వు వాడినట్టే నా దేహమూ నశిస్తుందన్న భావం వస్తుంది. చాలామంది సరిగ్గా దాన్నే గబగబా దాటేస్తారు.

1. ఆ పాదం దగ్గర ఆగండి. ఒక్క పువ్వునే చూస్తూ మూడు శ్వాసలు గమనించండి.

2. అందరూ వదిలేసేది ఇదే: నిన్నటి పూలను ఊడ్చి పారేయకండి. ఒకటి చేతిలోకి తీసుకుని, గోధుమరంగు తిరిగిన రేకు అంచు, మెత్తబడిన తొడిమ చూడండి. చదివిన అర్థం అక్కడ కంటికి కనబడుతుంది. (ప్లాస్టిక్ పూలతో ఈ పని జరగదు.)

3. చిరాకు వచ్చినప్పుడు అణచొద్దు. పుట్టింది, ఉంది, తగ్గుతోంది అని అలాగే చూడండి.

టైం చాలకపోతే గాథలు తగ్గించుకోండి, రెండో అంకెలో చెప్పిన పని మాత్రం వదలకండి.